సర్కారు లాటరీ, దొంగ లాటరీ

పాలక్కాడు నుంచి కోయంబత్తూరు వెళ్ళే దారిలో వాళయార్ చెక్‌పోస్టు ఉంది. దానికి అటు, కేరళలో, యాభై రూపాయల లాటరీ టికెట్టు అమ్మేవాడు ప్రభుత్వ ఏజెంటు. అతనికి గుర్తింపు ఉంది, కమీషన్ ఉంది, సంక్షేమ నిధి కూడా ఉంది. దానికి ఇటు, తమిళనాడులో, అదే టికెట్టు అమ్మేవాడు నేరస్థుడు. అక్కడ 2003 జనవరి నుంచి లాటరీలు నిషేధం. కాగితం అదే, అంకె అదే, గెలిచే అవకాశమూ అదే. మారింది రాష్ట్రం ఒక్కటే.

లాటరీ మాట వచ్చేసరికి మన హేతువాద మిత్రులు చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది జూదం, జూదం మూఢనమ్మకం, కాబట్టి నిషేధించాలి అంటారు. నేను అంత తేలిగ్గా తేల్చలేకపోతున్నాను. రక్షణ శాఖ పద్దుల విభాగంలో బిల్లులు తనిఖీ చేస్తూ ఉద్యోగం ముగించినవాణ్ణి. ఏ కాగితం చేతికొచ్చినా ముందు చూసేది డబ్బు ఎవరి దగ్గర బయలుదేరింది, ఎవరి దగ్గర ఆగింది అన్నదే. లాటరీని కూడా అలాగే చూద్దాం.

ముందు చట్టం సంగతి. భారత శిక్షాస్మృతిలో 294-ఎ అనే సెక్షనును ఇంగ్లీషువాళ్ళు 1870లో చేర్చారు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ తీయడానికి ఆఫీసు పెడితే ఆరు నెలల దాకా జైలు. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇదే నేరం 297వ సెక్షన్. అంటే లాటరీ తీయడం నేరం కాదు, అనుమతి లేకుండా తీయడం నేరం.

రాజ్యాంగంలో 'పందేలు, జూదం' రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. కానీ ప్రభుత్వాలు నడిపే లాటరీలు కేంద్ర జాబితాలో 40వ అంశం. ఒకే పనికి రెండు జాబితాల్లో చోటు దొరకడానికి కారణం, రెండోదాని యజమాని ప్రభుత్వం కావడం. ఆ అధికారంతోనే పార్లమెంటు 1998లో లాటరీల నియంత్రణ చట్టం చేసింది. టికెట్లు రాష్ట్రమే అచ్చు వేయించాలి, డ్రా రాష్ట్రమే తీయాలి, ఆ రాష్ట్రంలోనే తీయాలి, వచ్చిన డబ్బు ఖజానాలో జమ కావాలి, ఒక్క అంకె మీద బహుమతి పెట్టకూడదు, ఏ లాటరీకైనా వారానికి ఒక డ్రా మించకూడదు. అంతకుముందు ఒక్క అంకె లాటరీలు దేశమంతా కూలీల రోజు కూలిని సాయంత్రానికల్లా లాగేసేవి కాబట్టి ఆ షరతు మంచిదే. అయితే వారానికి ఒక డ్రా అన్న షరతు పేరు పేరుకూ విడివిడిగా వర్తిస్తుంది. 2010 నిబంధనల ప్రకారం ఒక రాష్ట్రం తన లాటరీలన్నీ కలిపి రోజుకు 24 డ్రాల దాకా తీయవచ్చు. పేర్లు వేరైతే చాలు. ఇలాంటి షరతులు పద్దుల వాళ్ళకు బాగా పరిచయం.

1999లో బి.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. రాష్ట్రం నడిపినంత మాత్రాన లాటరీ జూదం కాకుండా పోదు. తన సొంత లాటరీ లేని రాష్ట్రమైతే ఇతర రాష్ట్రాల లాటరీలను నిషేధించవచ్చు. తాను అమ్ముకుంటూ పక్కవాడిని మాత్రం ఆపకూడదు. న్యాయంగా ఉంది. కానీ ఈ తీర్పులో తగవు రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య. కొనేవాడి ఊసు పెద్దగా లేదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అని ఒక అధికారి ఉంటాడు. జూదం అంతా అతను చూపించిన చోటే జరగాలి. వేరే చోట ఆడితే 12 పణాలు జరిమానా. గెలిచినవాడి దగ్గర నూటికి ఐదు వసూలు. జూదం చెడ్డదని ఆయన వాదించలేదు. ఒకచోట ఆడిస్తే దొంగలు దొరుకుతారు, ఖజానాకు ఆదాయం వస్తుంది అన్నాడు. మన 1998 చట్టం ఆ ఆలోచనను దాటి ఎంత దూరం వచ్చిందో మీరే చెప్పండి.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన రెండు ఆటలు.

ఉద్యోగరీత్యా 1980ల చివర షిల్లాంగ్‌లో కొంతకాలం ఉన్నాను. అక్కడ 'తీర్' అనే ఆట ఉంది. పోలో గ్రౌండు దగ్గర మధ్యాహ్నం విలుకాళ్ళు వరసగా కూర్చుని ఒక గడ్డి లక్ష్యం మీదికి వందల బాణాలు వేస్తారు. గుచ్చుకున్న బాణాలు లెక్కపెడతారు. ఆ సంఖ్యలో చివరి రెండు అంకెలే ఆరోజు ఫలితం. 00 నుంచి 99 దాకా ఏదో ఒక అంకె మీద డబ్బు కాయాలి. మొదటి విడతలో రూపాయికి 80, రెండో విడతలో రూపాయికి 60. మేఘాలయ ప్రభుత్వం 1982లో పందేల పన్ను చట్టాన్ని సవరించి దీన్ని చట్టబద్ధం చేసింది. కౌంటర్లు లైసెన్సుతో నడుస్తాయి. పొద్దున్నే జనం రాత్రి వచ్చిన కలల్ని అంకెల్లోకి మార్చుకుంటూ కనిపించేవారు. కలలో నీళ్ళు వస్తే ఒక అంకె, పాము వస్తే ఒకటి, చనిపోయిన తండ్రి వస్తే ఒకటి. నాతో పనిచేసే గుమాస్తా, చదువుకున్నవాడే, కల రాని రోజున పక్కింటివాళ్ళ కల అడిగేవాడు.

రెండోది మట్కా. కడప జిల్లాలో మా అక్కవాళ్ళ ఊళ్ళో చూశాను. దీని పుట్టుక బొంబాయిలో. న్యూయార్క్ పత్తి మార్కెట్టు నుంచి టెలిప్రింటరులో వచ్చే ధరల మీద పందేలు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. కళ్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీ లాంటివాళ్ళు 1960ల్లో సొంతంగా అంకెలు తీయడం మొదలుపెట్టారు. కుండలో చీటీలు వేసి తీసేవారు కాబట్టి మట్కా. తర్వాత పేకముక్కలు వచ్చాయి, పేరు మాత్రం అదే నిలిచింది. మొదట 'ఓపెన్' అంకె, తర్వాత 'క్లోజ్' అంకె. రెండూ కలిస్తే జోడీ. అంటే 00 నుంచి 99 దాకా వంద సంఖ్యల్లో ఒకటి. బొంబాయిలో జోడీకి రూపాయికి 90 అని చెప్పుకునేవారు. మా అక్కవాళ్ళ ఊరి బీటరు 80 ఇచ్చేవాడు.

షిల్లాంగ్ తీర్ మొదటి విడత, మా అక్కవాళ్ళ ఊరి మట్కా పక్కపక్కన పెట్టి చూడండి. వందలో ఒక అంకె. రూపాయికి 80. నూరు రూపాయలు కాస్తే సగటున 80 వెనక్కి వస్తాయి, 20 నిర్వాహకుడికి. ఆ 80 మళ్ళీ కాస్తే 64. అలా నాలుగో ఆటకు 41, పదో ఆటకు 11 కూడా మిగలవు. ఒకటి లైసెన్సు ఉన్న కౌంటరు, రెండోది పోలీసులు పట్టుకుంటే కేసు. లెక్కలో మాత్రం తేడా లేదు.

మా బావ మగ్గం నేసేవాడు. ఒక నోటుబుక్కులో పదకొండేళ్ళ మట్కా ఫలితాలు రాసుకున్నాడు. తేదీ, ఓపెన్, క్లోజ్, ఎర్ర సిరాతో గీతలు. అంత శ్రద్ధగా రాసిన రిజిస్టరు నేను మా ఆఫీసులో కూడా అరుదుగా చూశాను. పందొమ్మిది రోజులుగా ఏడు రాలేదు కాబట్టి రేపు వచ్చి తీరాలనేవాడు. కుండకు జ్ఞాపకం ఉండదు, నిన్న ఏమి వచ్చిందో రేపటి చీటీకి తెలియదు అని చెప్పాను. పైన చెప్పిన లెక్క అతని పుస్తకం వెనుక పేజీలోనే వేసి చూపించాను. బావ ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు చెప్పేది సగటు లెక్కబ్బీ. నాకు కావాల్సింది ఒక్క దినమే గదా" అన్నాడు.

ఆ మాటకు చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. అతను లెక్క తెలియక ఆడటం లేదు. వారం పొడుగునా నేసినా వచ్చే కూలీ ఇంట్లోకే చాలదు. ఎన్నేళ్ళు నేసినా చేతిలో ఒక్కసారి యాభై వేలు పడే దారి అతనికి కనబడలేదు. కూతురి పెళ్ళికి కావాల్సింది అలా ఒక్కసారిగా పడే మొత్తమే. ఆ మొత్తం ఇస్తానన్నది ఒక్క మట్కాయే. మూఢనమ్మకం అతని పుస్తకంలోని ఎర్ర గీతల్లో ఉంది, నిజమే. కానీ ఆ గీతల వెనుక ఉన్న అవసరం మూఢనమ్మకం కాదు. దాన్ని చూడకుండా "జనానికి బుద్ధి లేదు" అంటే మనం సగం లెక్కే వేసినట్టు.

ఇంటి పక్క స్థలం 1994లో పోయింది. తర్వాత మగ్గం పోయింది. బావ పోయాక అక్క ఇడ్లీలు అమ్మి పిల్లల్ని ఒక గట్టుకు చేర్చింది. చీటీలు రాసింది వీధి చివర బంకు పెట్టుకున్నవాడు. పోలీసులు వాణ్ణి ఏడాదికి రెండుసార్లు తీసుకెళ్ళేవారు. జరిమానా కట్టి సాయంత్రానికి వచ్చేవాడు. ఒకసారి నేను షిల్లాంగ్ కౌంటర్ల గురించి చెబుతుంటే అక్క అడిగింది: "సర్కారోళ్ళు ఆడిస్తే న్యాయం, బంకోడు ఆడిస్తే నేరమా? పోయేది మన దుడ్లే గదబ్బీ."

మరి సర్కారు లాటరీలో ఎంత పోతుంది? కేరళ లెక్క చూద్దాం. దేశంలో అందరికంటే పద్ధతిగా నడిపేది వాళ్ళే. 1967లో మొదలుపెట్టారు. మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడు ఏటా పదివేల కోట్ల రూపాయల పైన టికెట్లు అమ్ముతున్నారు. 2022 ఓణం బంపర్ తీసుకోండి. టికెట్టు 500, మొదటి బహుమతి 25 కోట్లు, అమ్ముడైనవి 66 లక్షల పైన. 25 కోట్లలో ఏజెంటు కమీషను, ఆదాయపు పన్ను పోగా గెలిచినవాడి చేతికి వచ్చేది 15 కోట్ల 75 లక్షలు. దాన్ని 66 లక్షలతో భాగించండి. ఒక్కో టికెట్టుకు 24 రూపాయలు కూడా రావు. టీవీల్లో, పేపర్లలో ఊరూరా మోగిన ఆ 25 కోట్ల ఆశ ఖరీదు 500 రూపాయల టికెట్టులో 24 రూపాయలు. మిగతా బహుమతులన్నీ కలిపినా టికెట్టు ధరలో పెద్ద భాగం వెనక్కి రాదు.

దానికి తోడు పన్ను. లాటరీ మీద జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. యాభై రూపాయల టికెట్టులో ఇప్పుడు 14 రూపాయల 28 పైసలు జీఎస్టీయే. పెద్ద బహుమతి గెలిస్తే మళ్ళీ 30 శాతం ఆదాయపు పన్ను, దానిమీద సెస్సు. మట్కా బీటరు ఒక వైపే కోస్తాడు, ప్రభుత్వం రెండు వైపులా కోస్తుంది. మట్కా మంచిదని నేను అనడం లేదు. బీటరు ఏ అంకె మీద తక్కువ పడిందో చూసుకుని అదే తీసినా అడిగే దిక్కు లేదు, గెలిచినవాడికి ఇవ్వకుండా పారిపోయినా కేసు పెట్టే చోటు లేదు. సర్కారు లాటరీలో డ్రా జనం ఎదుట జరుగుతుంది, బహుమతి చేతికొస్తుంది. ఇది పెద్ద తేడాయే. కానీ ఆ తేడా గెలిచినవాడికి పనికొచ్చేది. ఓడిన లక్షలమందికి ఒరిగింది ఏమీ లేదు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. దొంగ లాటరీ ఇప్పుడు సర్కారు లాటరీ మీదే బతుకుతోంది. నిషేధం ఉన్న తమిళనాడులో 'మూడంకెల లాటరీ' నడుస్తుంది. తెల్లకాగితం మీద మూడు అంకెలు రాసి ఇస్తారు. సాయంత్రం కేరళ ప్రభుత్వ డ్రాలో వచ్చిన సంఖ్య చివరి మూడంకెలతో అవి కలిస్తే డబ్బు. కేరళలో కూడా ఇదే పద్ధతిలో 'ఎళుత్తు లాటరీ', అంటే రాతలాటరీ, సర్కారు దుకాణాల నీడలోనే సాగుతుంది. నమ్మదగిన అంకె తీసే ఖర్చు ప్రభుత్వానిది, దానిమీద వ్యాపారం దొంగది. మట్కాలో బీటరు మోసం చేస్తాడన్న అనుమానమైనా ఉండేది. ఇప్పుడు అదీ తీరిపోయింది, ఎందుకంటే అంకె తీసేది సాక్షాత్తూ ప్రభుత్వం. 2019 డిసెంబరులో విల్లుపురంలో ఈ మూడంకెల లాటరీ అప్పుల్లో కూరుకుపోయిన ఒక కంసాలి కుటుంబం, ముగ్గురు చిన్న ఆడపిల్లలతో సహా, ఒకే రాత్రి పోయింది. అప్పటికి నిషేధం వచ్చి పదహారేళ్ళు దాటింది.

పాకిస్తాన్‌లోనూ ఇదే కథ. అక్కడి ప్రభుత్వ ప్రైజ్ బాండ్లలో అసలు పోదు, వడ్డీకి బదులు డ్రాలో బహుమతి ఉంటుంది. లాటరీ కంటే ఎంతో మేలైన ఏర్పాటు. కానీ ఆ డ్రాలో వచ్చే అంకెల మీద వీధుల్లో చీటీ జూదం పుట్టుకొచ్చింది.

సర్కారు అమ్మేది టికెట్టు ఒక్కటే అయితే కొంత నయం. అదృష్టాన్ని కూడా అమ్ముతుంది. కేరళ 2025లో వారపు లాటరీల పేర్లు మార్చినప్పుడు పెట్టినవి చూడండి: భాగ్యతార, ధనలక్ష్మి, సమృద్ధి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 51-ఎ(హెచ్) చెబుతుంది. 1976లో రాజ్యాంగంలో చేర్చారు. పౌరుడికి శాస్త్రీయ దృక్పథం బోధించే రాజ్యమే అతనికి ధనలక్ష్మిని యాభై రూపాయలకు అమ్ముతుంది. కలలకు అంకెలు చెప్పే షిల్లాంగ్ ముసలాయన్ను, అంకె ఇస్తాడని జనం వెంటపడే మన ఊరి సాధువును ఎగతాళి చేయడం తేలిక. ఇద్దరి దగ్గరా అచ్చు యంత్రం లేదు.

ఆ డబ్బుతో మంచి పనులు చేస్తున్నారు కదా అంటారు. నిజమే. 'కారుణ్య' లాటరీ డబ్బుతో కేరళలో ఎందరో పేదలకు గుండె, మూత్రపిండాల వైద్యం జరిగింది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ డబ్బు ఎక్కడ బయలుదేరింది? ఆటో నడిపేవాడి దగ్గర, కూలి దగ్గర. పేద రోగికి వైద్యం ఆరోగ్యంగా ఉన్న పేదవాడి ఆశతో చేయిస్తున్నాం. ఆదాయాన్ని బట్టి వేసే పన్నుతో జరగాల్సిన పని అది. ఇక లాటరీల పంపిణీ కంపెనీలకు అప్పగించిన రాష్ట్రాల సంగతి సరే సరి. 2024 మార్చిలో ఎన్నికల బాండ్ల వివరాలు బయటపడినప్పుడు అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్నది లాటరీల పంపిణీదారు అయిన ఫ్యూచర్ గేమింగ్ అని తేలింది. 1,368 కోట్ల రూపాయలు. ఆ డబ్బు బయలుదేరింది టికెట్టు కొన్నవాడి జేబులో, ఆగింది పార్టీల ఖాతాల్లో.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సర్కారు లాటరీ లేదు. అందుకని మనం శుభ్రంగా ఉన్నామా? నెలకు వెయ్యి కట్టండి, డ్రాలో పేరొస్తే బైకు తీసుకెళ్ళండి, మిగతా కంతులు కట్టనక్కర్లేదు అనే 'లక్కీ స్కీములు' మన ఊళ్ళలో ఎన్ని చూడలేదు? 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం కింద అది నేరం, మూడేళ్ళ దాకా జైలు. అమ్ముడుపోని ఇంటికీ, ప్లాటుకూ అయిదు వందల కూపన్లు పెట్టి డ్రా తీస్తామన్న ప్రకటనలు 2025లో తెలంగాణలో కనబడ్డాయి. పేపర్లు వాటిని తెలివైన ఆలోచనగా రాశాయి. న్యాయ సంహిత 297 ఎవరికీ గుర్తు రాలేదు. ఫోన్లలో నడిచే పందేల సంగతి వేరే చెప్పాలా? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు బిగించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మంచిదే. కానీ విల్లుపురం గుర్తుంచుకోవాలి. నిషేధం అంగడిని మూస్తుంది, అవసరాన్ని మూయలేదు.

కాబట్టి హేతువాదులుగా మనం 'నిషేధించండి' అని ఒక తీర్మానం చేసి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. ముందుగా రెండు పనులు అడుగుదాం.

మొదటిది, చట్టబద్ధంగా అమ్మే ప్రతి టికెట్టు ముందువైపు, అదృష్ట దేవత బొమ్మ ఉండే చోట, రెండు సంఖ్యలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి: మొదటి బహుమతి ఎన్ని టికెట్లలో ఒకటికి వస్తుంది, నూరు రూపాయల అమ్మకంలో ఎన్ని రూపాయలు కొన్నవాళ్ళకు తిరిగి వెళతాయి. 1998 చట్టంలో అచ్చు గురించి, లోగో గురించి, ఖజానా గురించి షరతులున్నాయి. ఈ రెండు సంఖ్యలు అడిగే షరతు ఒక్కటీ లేదు. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వేయించగలిగిన ప్రభుత్వానికి ఇది కష్టం కాదు. షిల్లాంగ్ కౌంటరు మీద కూడా అదే వేయించాలి.

రెండోది, బావ అడిగిన ఆ 'ఒక్క దినం' సంగతి. పేదవాడికి ఒకేసారి పెద్ద మొత్తం చేతికందే నిజాయితీ దారులు మన దగ్గర లేకపోలేదు. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీలు, మహిళా సంఘాల పొదుపు, సహకార సంఘాల అప్పు. వాటిలో లెక్క కొనేవాడి వైపు ఉంటుంది. వాటిని నమ్మకంగా నడిపించడం, మోసం చేసిన చీటీ కంపెనీల నుంచి జనం డబ్బు రాబట్టడం, ఇవి కూడా మూఢనమ్మకాల వ్యతిరేక పోరాటంలో భాగమే. గ్రామాల్లో మనం నిప్పుల మీద నడిచి చూపిస్తాం, గాల్లోంచి విభూతి తీసి చూపిస్తాం. దానితోపాటు ఒక నల్లబల్ల, సుద్దముక్క తీసుకెళ్ళి నూరు రూపాయలు పదో ఆటకు ఎంతవుతాయో వేసి చూపిద్దాం. ఆ తర్వాత, అదే నూరు నెలనెలా చీటీలో వేస్తే ఎంతవుతుందో దాని పక్కనే వేద్దాం. మొదటి లెక్క ఒక్కటే చూపించి వచ్చేస్తే మా బావ లాంటివాళ్ళు ఓపిగ్గా విని, సాయంత్రం బంకు దగ్గరికే వెళతారు.